డాలస్‌లో మీడియం, బీసెంట్ రోడ్డులో డబుల్ ఎక్సెల్

అమెరికాలో ఉంటూ ఇండియాలో పెళ్లికి బట్టలు కుట్టించుకోవాల్సిన ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నా, ముఖ్యంగా "సైజు ఎంతండీ" అని అడగ్గానే గొంతు తగ్గించి చెప్పే అలవాటున్న వాళ్ల కోసం. నా ఛాతీ 38 అంగుళాలు, నడుము 33, భుజం కింద చెయ్యి చుట్టుకొలత 13న్నర. ఇవి చెప్పకపోతే కింద రాసేది సగం అర్థం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

ఈ కొలతలతో డాలస్‌లో ఏ మాల్‌కి వెళ్లినా మీడియం టాప్ తీసుకుని బయటికొస్తాను. తమ్ముడి నిశ్చితార్థానికి విజయవాడ వచ్చి బీసెంట్ రోడ్డులో ఒక షాపులో కుర్తీ అడిగితే, అక్కడి అమ్మాయి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నేనింకా సైజు చెప్పకుండానే "డబుల్ ఎక్సెల్ పై ఫ్లోర్‌లో ఉంటాయండీ" అంది. అంటే విమానంలో కూర్చున్న ఆ కాసేపట్లో మూడు సైజులు పెరిగానన్నమాట.

పైకెళ్లాను. అక్కడ రంగులే వేరు. కింద పసుపు, లేత గులాబీ, పిస్తా రంగులు వేలాడుతుంటే పైన నేవీ బ్లూ, మెరూన్, నలుపు. "ఈ సైజులో డార్క్ కలర్సే బాగుంటాయి మేడమ్, సన్నగా కనబడతారు" అంది ఇంకో అమ్మాయి, పాపం నాకేదో సాయం చేస్తున్నాననుకుని. నాకు సన్నగా కనబడాలని లేదు తల్లీ, హల్దీకి పసుపు కుర్తీ కావాలి (మా పెళ్లికి లేని ఈ హల్దీ ఇప్పుడు అందరికీ తప్పనిసరి ఎలా అయిందో, అది వేరే గొడవ). ట్రయల్ రూమ్‌లో ఎక్సెల్ వేసుకుంటే ఛాతీ దగ్గర హాయిగా ఉంది, చెయ్యి మాత్రం సగం దాకా ఎక్కి ఆగిపోయింది. డబుల్ ఎక్సెల్‌లో చెయ్యి దూరింది కానీ భుజాలు కిందికి జారి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడింది. ఏమీ కొనకుండా ఇంటికొచ్చి కోపంగా టేపు పట్టుకుని కూర్చున్నా.

అప్పుడు తెలిసింది ఏంటంటే, మన దగ్గర చాలా కుర్తీల మీద ఎం అంటే 38, ఎల్ అంటే 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44 అని ఉండే అంకె చాలాసార్లు బట్ట కొలత, మన ఒంటి కొలత కాదు. 38 ఒంటికి 38 బట్ట వేసుకుంటే చేతులెత్తి జడ కూడా వేసుకోలేం. రెండు నుంచి నాలుగు అంగుళాల వదులు ఉండాలి, కాబట్టి నాది ఎల్ లేదా ఎక్సెల్. డబుల్ ఎక్సెల్ దాకా నన్ను తోసింది చేతులొక్కటే. ఎందుకంటే బట్టల కంపెనీలు ఒక సైజుకి నమూనా కత్తిరించి, మిగతా సైజులకి దాన్నే అన్నివైపులా ఇంతింత చొప్పున పెంచుకుంటూ పోతాయి, దాన్నే గ్రేడింగ్ అంటారు. ఛాతీ పెరిగితే భుజాల వెడల్పు కూడా పెరుగుతుందని ఆ లెక్క. మనిషి అలా పెరగదు. నా భుజాలు ఇంటర్‌లో ఎంత ఉన్నాయో ఇప్పుడూ అంతే, పెరిగినవి చేతులూ నడుమూ. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, కొన్ని సైట్లు ఒంటి కొలత ఇస్తాయి, కొన్ని బట్ట కొలత ఇస్తాయి, రెండిటినీ సైజ్ చార్ట్ అనే అంటాయి.

అలాగని నా డాలస్ మీడియం ఏదో గొప్ప సర్టిఫికెట్ అనుకున్నారా, దాని కథ ఇంకా తమాషాగా ఉంది. 1939, 40ల్లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది ఆడవాళ్లని ఒక్కొక్కరికీ 59 చోట్ల కొలిపించింది. చివరికి లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ల కొలతలే. దాని ఆధారంగా 1958లో ప్రభుత్వం ఒక ప్రామాణిక సైజుల పట్టిక తెచ్చింది, 1983లో దాన్ని తీసేసింది. ఆ తర్వాత ఎవరి సైజు వాళ్లది, ఎవరి ఇష్టం వాళ్లది. అక్కడ అక్షరాలతో పాటు అంకెల సైజులూ ఉంటాయి, 1958 పట్టికలో 8 సైజు అంటే ఛాతీ 31 అంగుళాలు. 2008కి వచ్చేసరికి అదే 8 సైజు ఛాతీ, నడుము, తుంటి మూడు చోట్లా ఐదారు అంగుళాలు పెరిగింది. కొనేవాళ్లని సంతోషపెట్టడానికి బట్ట పెంచి అంకెని మాత్రం అలాగే ఉంచారన్నమాట, దీనికి వానిటీ సైజింగ్ అని పేరు కూడా ఉంది. ఇక్కడ ఆ అమ్మాయి చూపుకి నొచ్చుకున్నదాన్ని, అక్కడ ఆ ఎం అక్షరం చూసి ఇన్నేళ్లు లోలోపల మురిసిపోయాను కదా, రెండూ షాపువాడు పెట్టిన పేర్లే!

మన దేశానికి మన కొలతలతో పట్టిక ఉండాలని కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) కలిసి ఇండియా సైజ్ అనే సర్వే మొదలుపెట్టాయి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవడం దాని ఉద్దేశం, ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఒకటి. మంచి పనే. కానీ తమ్ముడి పెళ్లి ముహూర్తం సర్వే కోసం ఆగదు కాబట్టి నా దారి టైలర్ దగ్గరికే.

ఇక్కడే అసలు యుద్ధం. నిశ్చితార్థం జాకెట్టు నేను రాకముందే అమ్మ కుట్టించి ఉంచింది, బీరువాలో ఉన్న నా పాత ఆది జాకెట్టు ఇచ్చి. అది నా పెళ్లినాటిది, తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. కొత్త జాకెట్టు మోచెయ్యి దాటలేదు. చివరికి పిన్ని జాకెట్టు వేసుకుని, పమిట పూర్తిగా కప్పుకుని ఫొటోలు దిగాను. అమ్మని అడిగితే "పెద్దది కుట్టిస్తే ఇంక తగ్గవు, అందుకని" అంది. మన ఇళ్లల్లో ఇది ఎంత మామూలో చూడండి, ఇప్పుడున్న మనిషికి కాదు, రేపు తగ్గబోయే మనిషికి బట్టలు కుట్టిస్తాం. ఆ తగ్గబోయే మనిషి ఎప్పుడూ రాదు, జాకెట్లు మాత్రం బీరువా నిండా పేరుకుంటాయి.

పెళ్లికి అలా జరగకూడదని, తిరిగి డాలస్ వెళ్లేలోపే చీరలు తీసుకుని వన్ టౌన్‌లో అమ్మకి ఎన్నో ఏళ్లుగా కుడుతున్న మాస్టారి దగ్గరికి వెళ్లాను. అమ్మ కూడా వచ్చింది, రావద్దన్నా. ఆది జాకెట్టు సంచిలోంచి తీయబోతుంటే నేను ఆపి, ఒంటి మీదే కొలవమన్నాను. మాస్టారు లోపల్నుంచి వాళ్లావిడని పిలిచారు, ఆవిడ కొలుస్తుంటే ఆయన రాసుకున్నారు.

"మాస్టారూ, ఒక అంగుళం తగ్గించి రాసుకోండి, పెళ్లినాటికి తగ్గుతుంది" అంది అమ్మ.

"నేను తగ్గనమ్మా. తగ్గితే అప్పుడు కుట్టు వేయించుకుందాం" అన్నా.

మాస్టారు టేపు వంక చూస్తూనే "తగ్గించడం ఎంతసేపమ్మా, ఐదు నిమిషాల పని. పెంచడమే కష్టం. పట్టు మీద సూది బెజ్జాలు పోవు" అన్నారు. అమ్మ నోరు మూయించిన మొదటి మగాడు ఆయనే అనుకుంటా.

కొలతలిచ్చేటప్పుడు నేను నేర్చుకున్నవి చెప్తా, వాట్సాప్‌లో బొటీక్‌కి కొలతలు పంపేవాళ్లకి కూడా పనికొస్తాయి. పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి బిగపట్టకుండా నిలబడాలి. వినడానికి చిన్న విషయమే గానీ టేపు తగలగానే మన ప్రాణం దానంతటదే పొట్ట లాక్కుంటుంది. పెళ్లిరోజు లోపల ఏది వేసుకుంటామో అదే వేసుకుని కొలిపించుకోవాలి, దాన్నిబట్టి ఛాతీ కొలత మారిపోతుంది. ఛాతీ ఒక్కటే కాదు, పై ఛాతీ, కింది ఛాతీ, చంక చుట్టూ, చెయ్యి చుట్టూ విడివిడిగా రాయించాలి. చెయ్యి కొలత చెయ్యి మడిచి కూడా తీయమనండి, రేపు పెళ్లిలో వడ్డించేది, పిల్లల్ని ఎత్తుకునేది ఆ మడిచిన చెయ్యే. పక్క కుట్లలో లోపల ఎంత గుడ్డ వదులుతున్నారో అడగండి. రెండు పక్కలా ముందు వెనకా ఒక్కో అంగుళం చొప్పున వదిలితే విప్పుకున్నప్పుడు మొత్తం మీద మూడు నుంచి నాలుగు అంగుళాలు కలిసొస్తుంది.

మగ్గం వర్క్ ఉంటే ఇవన్నీ ఇంకా ముందే తేల్చాలి. గుడ్డ మీద జాకెట్టు ఆకారం గీసి, మగ్గానికి బిగించి వర్క్ చేసి, ఆ తర్వాతే కత్తిరించి కుడతారు. అంటే గీత గీసిన రోజే మీ సైజు ఖాయమైపోతుంది. చేతి అంచు వర్క్ మాకు 11 అంగుళాలకి సరిపోతుందని ముందు లెక్క వేశారు, నా చెయ్యి దానికి రెండున్నర ఎక్కువ. ఆ తేడా తర్వాత చంక కింద ఖాళీ గుడ్డలా కనబడేది. ఇంకో వరస కుట్టించినందుకు కొంచెం ఎక్కువ తీసుకున్నారు, తీసుకోనివ్వండి, పని పెరిగినప్పుడు డబ్బు పెరుగుతుంది, అందులో అవమానం ఏముంది? ఒంటిని చూసి "ప్లస్ సైజు చార్జీ" అని రాసిన ఒక బొటీక్ బిల్లు మా కజిన్ చూపించింది, అది మాత్రం నచ్చలేదు. పని పేరు రాయొచ్చు కదా.

ఆరోగ్యం సంగతేంటి అంటారా, అది నాకూ డాక్టరుకీ మధ్య విషయం. మన దక్షిణాసియా ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు దాటితే షుగర్ వైపు జాగ్రత్త పడమంటారు. నేను దాటాను, నడుస్తున్నాను, పరీక్షలు చేయించుకుంటున్నాను. దానికోసం నా పట్టుచీర మీదికి ఊపిరాడని జాకెట్టు వేసుకోవాల్సిన పని లేదు. బిగుతు జాకెట్టు వల్ల షుగర్ తగ్గిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

పెళ్లి రానే వచ్చింది. జాకెట్లు మూడూ పట్టాయి, పైగా చేతులు పైకెత్తి తలంబ్రాల పళ్లెం పట్టుకోగలిగాను. మాటలు మాత్రం ఆగలేదు. భోజనాల దగ్గర పెద్దమ్మ "అమెరికా నీళ్లు బాగా ఒంటబట్టాయే" అంది. పక్కనే ఉన్న మా బాబాయి కూతురు బక్కపిల్ల, దాన్ని కూడా వదల్లేదు, "గాలొస్తే ఎగిరిపోయేట్టున్నావ్, మీ అత్తగారింట్లో తిండి పెట్టట్లేదా" అని. దానికి ఎక్స్‌ట్రా స్మాల్ దొరక్క వెనకంతా పిన్నీసులతో బిగించుకుని వచ్చింది, నేనే పెట్టాను. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మా తమ్ముడికి ఈ రెండేళ్లలో పొట్ట వచ్చింది, షేర్వానీ బొత్తాలు రెండుసార్లు జరిపి కుట్టారు, వాణ్ణి చూసి ఇదే పెద్దమ్మ "ఇప్పుడు నిండుగా ఉన్నాడు, పెళ్లికళ వచ్చింది" అని దిష్టి తీయమంది. నేను "పెద్దమ్మా, నాకూ తీయించు, నేనూ నిండుగానే ఉన్నా" అన్నా. నవ్వేసింది గానీ తర్వాత నా ఒంటి గురించి మాట్లాడలేదు, కనీసం నాకు వినబడేలా.

కొత్త పెళ్లికూతురు, అదే మా మరదలు, తన రిసెప్షన్ గౌను బిగుతై పక్క జిప్పు పడక గదిలో కళ్లనీళ్లు పెట్టుకుంటే వాళ్లమ్మ "నెల్లాళ్లుగా చెప్తున్నా అన్నం మానెయ్యమని" అంటోంది. మాస్టారికి ఫోన్ చేశాను. మిషన్ అవసరం లేదని, చంక కింద కుట్టు ఎక్కడ విప్పాలో వీడియో కాల్‌లో చెప్పారు. అందులో లోపల గుడ్డ వదల్లేదు కాబట్టి దుపట్టా చివర ముక్క కత్తిరించి అతికించాం, చెయ్యి దించితే కనబడలేదు.

నేను బయల్దేరే ముందు అమ్మ తన జాకెట్లన్నీ మంచం మీద పోసింది. ఎన్నాళ్లనుంచో ఆవిడ చేతుల మీద జాకెట్టు అంచు దిగబడ్డ గీత ఉండేది, అది గాజులు పడ్డ గుర్తులాగే మామూలనుకునేదట. వాటిని మూటగట్టి మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాం. కుట్లు విప్పి వదులు చేయడానికి ఒక్కోదానికి ₹80 అన్నారు, అమ్మ ₹60కి బేరమాడింది. బాగా పాతవి కొన్ని మాత్రం లోపల గుడ్డ లేదని తిప్పి ఇచ్చేశారు.