బ్లాకు చేతికి వచ్చేదాకా: నా అనుభవం

ఊపిరితిత్తి క్యాన్సర్‌కు అమ్మకు నిన్న రాత్రి మొదటి మాత్ర వేశాను. ఆ మాత్ర ఏదో తేల్చే పరీక్షకు కావలసిన బ్లాకు కోసం ఆసుపత్రి కౌంటరులో పడ్డ పాట్ల మీద కోపం చల్లారితే మొహమాటం అడ్డొస్తుంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది హాలియా దగ్గర పల్లె. అమ్మకు దగ్గు మొదలైతే, తెమడలో క్రిమి కనిపించకపోయినా క్షయ అనుకుని మందులు వాడించారు. తగ్గలేదు. తర్వాత స్కానింగు, నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సూదితో బయాప్సీ, ఊపిరితిత్తిలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని రిపోర్టు. వీటిలో ఏదీ మమ్మల్ని పెద్దగా తిప్పలేదు.

హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టరు గారు రిపోర్టు చూసి వెంటనే కీమో అనలేదు. "ముందు జన్యు పరీక్ష చేయిద్దాం, బ్లాకు తీసుకురండి" అన్నారు. బయాప్సీలో తీసిన కండను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పొదిగి దిమ్మెలా చేస్తారు. అదే బ్లాకు. దాన్ని నాలుగైదు మైక్రాన్ల పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తే స్లైడు. కణాల ఆకారం స్లైడులో కనిపిస్తుంది. ఆ కణాల్లో ఏ జన్యువు మారిందో తెలియాలంటే డీఎన్‌ఏ తీయాలి, అందుకు బ్లాకు కావాలి. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, రాస్1 వంటి జన్యువుల్లో తగిన మార్పు దొరికితే కీమోకు బదులు మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టవచ్చట. ఐదు నిమిషాల్లో చెప్పారు. బడి మొహం చూడని మా అమ్మకు కూడా అర్థమైంది.

అర్థం కానిది నల్లగొండ కౌంటరులో కూర్చున్న మనిషికే.

మొదట అతను స్లైడ్లు చేతిలో పెట్టి ఇవే బ్లాకులన్నాడు. హైదరాబాద్ ల్యాబు వాళ్లు వాటిని తిప్పి ఇచ్చారు. మళ్లీ వెళ్తే, బ్లాకు బయటికి ఇచ్చే పద్ధతి లేదన్నాడు. డాక్టరు గారి చీటీ చూపిస్తే దాని మీద ముద్ర లేదన్నాడు. ముద్ర వేయించుకొస్తే పేషెంటే వచ్చి సంతకం పెట్టాలన్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని బస్సులో తీసుకెళ్లాను. కౌంటరు ముందు కూర్చోవడానికి బల్ల కూడా లేదు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. అతను రిపోర్టు తిరగేసి, వరుసలో ఉన్నవాళ్లంతా వినేలా, "ఏమ్మా, రోజుకు ఎన్ని బీడీలు తాగేదానివి?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసింది, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. దొంగతనం అంటగట్టినట్టు తల దించుకుని, "నాకు అలవాటు లేదు బిడ్డా" అంది. ఒకవేళ తాగినా సరే, అది అడిగే హక్కు సంతకం పెట్టించుకునేవాడికి ఎవరిచ్చారు? డాక్టరు అడగవచ్చు, అదీ గదిలో, మెల్లగా. నేను గొంతెత్తాను. ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే గొంతు, మూడు గదుల అవతలికి వినిపిస్తుంది. లోపలి నుంచి పాథాలజిస్టు, అంటే బయాప్సీ కండను చూసి జబ్బు తేల్చే డాక్టరు మేడమ్ వచ్చారు. సంగతి విని, "రసీదు రాయించుకుని ఇచ్చెయ్యండి" అన్నారు. అంతే. బ్లాకు అతని వెనక అరలోనే ఉంది, కుర్చీలోంచి లేవకుండానే తీసిచ్చాడు.

అందుకే చెబుతున్నాను, ఈ పని మీద వెళ్లేవాళ్లు కౌంటరుతో వాదించవద్దు. పాథాలజిస్టు ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని నేరుగా కలవండి. బయాప్సీకి ముందే "జన్యు పరీక్షకు కండ మిగిల్చండి" అని డాక్టరుకు చెప్పండి. సూదితో వచ్చేది సేమ్యా పోగంత. ఒక్కో పరీక్షకు కొంత కోసుకుంటూ పోతే చివరికి మైనమే మిగులుతుంది. అన్ని జన్యువులనూ ఒకేసారి చూసే ఎన్‌జీఎస్ పరీక్ష చేయించమని మా డాక్టరు గారు అన్నది కూడా అందుకే. కండ చాలకపోతే రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏను పట్టే పరీక్ష ఉంది కానీ, అందులో ఏమీ కనిపించనంత మాత్రాన మార్పు లేదని అనుకోకూడదట.

ఫలితం రావడానికి రెండు వారాలు దాటింది. ఈజీఎఫ్‌ఆర్‌లో ఎక్సాన్ 19 డిలీషన్, అంటే ఆ జన్యువులో ఒక చిన్న ముక్క ఊడిపోవడం. పొగతాగనివారిలో, ఆడవాళ్లలో, ఆసియా వాళ్లలో ఎక్కువగా కనిపించే మార్పు ఇది. ఆ కాగితాన్ని పెద్దక్షరాల్లో అచ్చువేయించి ఆ కౌంటరు అద్దానికి అంటించాలనిపించింది.

ఈజీఎఫ్‌ఆర్‌ను అడ్డుకునే గెఫిటినిబ్ అనే మాత్ర కొందరికే ఎందుకు అంత బాగా పనిచేస్తుందో 2004లో ఈ మార్పుల వల్లే తెలిసిందట. తర్వాత వచ్చిన ఓసిమెర్టినిబ్ ఇంకా మెరుగు. రోగుల మీద జరిపిన పెద్ద అధ్యయనంలో గెఫిటినిబ్ వంటి పాత మందులతో జబ్బు ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం 10.2 నెలలైతే, దానితో 18.9 నెలలు. డాక్టరు గారు దాచకుండా రెండూ చెప్పారు, ధరలు కూడా. మాకు అందింది గెఫిటినిబ్. అది పనిచేయడం మానేసిన రోజున టీ790ఎం అనే మరో మార్పు కోసం వెతుకుతారు, దాదాపు సగం మందిలో అదే కారణం. అప్పుడు ముందు రక్తంతోనే చూస్తామన్నారు.

పరీక్షయ్యాక ల్యాబు వాళ్లు మిగిలిన బ్లాకు తిరిగి ఇచ్చారు. మా ఎండలకు మైనం మెత్తబడుతుందేమోనని ఇంట్లో చల్లగా ఉండే మూల గదిలో, డబ్బాలో పెట్టి తాళం వేశాను. నల్లగొండ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, పని అయిపోతే వాపసు ఇవ్వాలట. ముద్ర ఉన్న ఉత్తరం తీసుకుని, ఆ కౌంటరులో మనిషే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని చెప్పాను.