ఎస్‌ఎంపీఎస్ కొన్న శనివారం

గేములాడే కొత్త కంప్యూటర్ బిగించుకోవాలని ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వారాల తరబడి వీడియోలు చూసిన మా బావమరిది, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన తక్కువ వోల్టుల్లోకి మార్చే డబ్బా) దగ్గరికొచ్చేసరికి "ఇంట్లో పాతది ఉందిగా బావా, 450 వాట్లు, అదే పెట్టేద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నా సెలవు రోజు కాస్తా ఆ మాటకే ఖర్చయిపోయింది.

అటక మీంచి ఆ పాత డబ్బా దించి, దుమ్ము తుడిచి, పక్కనున్న స్టిక్కరు వాడిచేతే చదివించాను. పెద్ద అక్షరాల్లో 450. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల లైనుకి 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. ఈ కాలం కంప్యూటర్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల మీదే, మిగతా 3.3, 5 వోల్టుల లైన్లలో ఎంత ఉంటే ఏం లాభం? వాడు రాసుకున్న లిస్టు ప్రకారం రైజెన్ 5 7600 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 88 వాట్ల దాకా లాగుతుంది, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఇంకో 115, బోర్డు, ర్యాము, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 60 వేసుకుందాం. 260 దాటింది. స్టిక్కరు మీద పెద్దంకె నమ్ముకుంటే కథ ఎక్కడ తేలేదో వాడికే అర్థమైంది.

అర్థమైతే అయింది గానీ వెంటనే ఆ చివరికి దూకేశాడు, "అయితే 850 గోల్డ్ తీసుకుందాం, ఫ్యూచర్‌కి పనికొస్తుంది" అని. ఈ ఫ్యూచర్ అనే మాట మీద దుకాణాలు ఎన్ని బతుకుతున్నాయో! 4060 పెట్టిన కంప్యూటర్‌కి, ఆ కార్డు చిప్పు చేసే ఎన్విడియా వాళ్ళు చెప్పేదే 550 వాట్లు. గోల్డ్ సంగతి కూడా లెక్క వేసి చూపించాను. గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం లోపలికి అందిస్తుందో చూసే 80 ప్లస్ పరీక్షలో సగం లోడు మీద బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం రావాలి (ఇవి 115 వోల్టుల లెక్కలు, మన 230 దగ్గర రెండూ ఇంకాస్త మెరుగే). లోపల 200 వాట్లు వాడుతూ రోజుకు 5 గంటలు ఆడినా రెండింటికీ తేడా ఏడాదికి ఓ 24 యూనిట్లు, అంటే ఓ 200 రూపాయలు. దానికోసం ఇప్పుడే రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడమెందుకు? పైగా ఆ రంగు పేరు కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుందంతే, లోపలి సరుకు మంచిదో కాదో చెప్పదు. నేనైతే వారంటీ ఎన్నేళ్ళు, ఓవర్ వోల్టేజ్ రక్షణ (వోల్టేజీ హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు) ఉందా లేదా చూస్తాను, ఎందుకంటే నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు, బోర్డునీ కార్డునీ వెంటబెట్టుకుని పోతుంది.

మా ఆవిడ మధ్యలో వచ్చి "ఆ గ్రాఫిక్స్ కార్డు వైర్లు కరిగిపోతాయంటగా" అంది. ఆ గోల 2022లో 4090 కార్డులతో మొదలైంది, కొత్త 16 పిన్నుల కనెక్టరుతో. మేం కొనే 4060కి మామూలు 8 పిన్నులది ఒక్కటే, అది 150 వాట్లిస్తుంది, బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఇంకో 75 ఇస్తుంది, 115 వాట్ల కార్డుకి అంతకంటే ఏం కావాలి.

మధ్యాహ్నం ఎండలో పడి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళాం. మొదటి షాపులో "ఇది బాగా పోతుందన్నా, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అని తేలిగ్గా, బొమ్మలా ఉన్నదొకటి చేతిలో పెట్టాడు. స్టిక్కరు చూసి వెనక్కిచ్చేశాను. ఇంకో షాపులో 550 బ్రాంజ్ దొరికింది, 12 వోల్టుల లైను 45 ఆంపియర్లు, అయిదేళ్ళ వారంటీ, నాలుగు వేల చిల్లర. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాం. మాడ్యులర్ (అక్కర్లేని వైర్లు డబ్బా నుంచి ఊడదీసే రకం) కాదు కాబట్టి వైర్లన్నీ లోపలే కుక్కాలని బావమరిది కాస్త మొహం ముడిచాడు. నాకైతే అదే నయం, మాడ్యులర్ అయితే రేపెప్పుడో ఇంకో కంపెనీ కేబులు తెచ్చి గుచ్చుతాడు, డబ్బా వైపు పిన్నుల వరస ఒక్కో కంపెనీది ఒక్కో రకం, సరిగ్గా పట్టేసినా హార్డ్ డిస్కు కాలిపోవచ్చు.

ఇంటికొచ్చాక అసలు తలనొప్పి మొదలైంది. కంప్యూటర్ పెట్టేది అత్తయ్యగారింటి వెనక గదిలో. అక్కడున్న పాత కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందని ఆవిడ ఎప్పటినుంచో చెబుతున్నారు. టెస్టర్ పెడితే వెలిగింది. గోడ మీది ప్లగ్ పాయింటు విప్పి చూస్తే ఎర్తు రంధ్రానికి వైరే లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు రెండు తీగల నుంచీ డబ్బాకి కలిపి ఉంటాయి, ఎర్తు లేకపోతే డబ్బా మీద ఇంటి వోల్టేజీలో సగం దాకా తేలుతుంది. కరెంటు చాలా కొద్దిగా కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది, కానీ ఎంత ఖరీదైన ఎస్‌ఎంపీఎస్ పెట్టినా ఇది పోదు.

యూపీఎస్ కూడా చూశాను, పెద్దంకె 600 వీఏ, ఇచ్చేది మాత్రం 360 వాట్లే. గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి గోడ దగ్గర 330 దాటుతుంది, అంటే దాని హద్దుకి దగ్గరే, కాబట్టి కరెంటు పోగానే సేవ్ చేసి ఆపేయాల్సిందే, ఆట పూర్తి చేస్తానంటే కుదరదు.

అత్తయ్య ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు, సోమవారం వస్తానన్నాడట. ఎర్తు లాగేదాకా కొత్త డబ్బా సీలు విప్పొద్దని బావమరిదికి చెప్పి వచ్చాను. విప్పకుండా ఉంటాడని నమ్మకమైతే లేదు.