జర్మనీలో ఊరి క్లబ్ తరఫున చెస్ లీగ్ ఆడాను

గుంటూరులో పెరిగే రోజుల్లో నాకు తెలిసిన చెస్ అంతా స్విస్ టోర్నమెంట్లే, అంటే ఎవరికి వారు ఆడుకునే పోటీలే. గెలిస్తే నా పాయింటు, ఓడితే నా రేటింగు. పక్క బోర్డు మీద ఏం జరుగుతోందో నాకు అనవసరం. ఉద్యోగానికి స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊరికి వచ్చాక, అక్కడి క్లబ్బులో చేరి సీజనంతా టీమ్ లీగ్ ఆడాను. ఇటు వస్తున్న మనవాళ్లలో చెస్ ఆడేవాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చేరడం సులువు. క్లబ్బు వాళ్లు వారానికోసారి సాయంత్రం కలుస్తారు. వెళ్లి నాలుగు బ్లిట్జ్ గేములు (కొద్ది నిమిషాల్లో అయిపోయేవి) ఆడితే ఎవరో ఒకరు ఫారం తెచ్చి చేతిలో పెడతారు. కెప్టెన్ "మీదే ఊరు?" అని అడిగితే, గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ వాళ్ల ఊరే అన్నాను. హరికృష్ణ ఇక్కడి అగ్రశ్రేణి చెస్ లీగ్ బుందెస్‌లిగాలో జోలింగెన్ జట్టుకి ఆడాడు. ఆ పేరు వినగానే కుర్చీ లాగి కూర్చోమన్నాడు. చెస్ సమాఖ్యలో నమోదు క్లబ్బే చూసుకుంటుంది. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) దగ్గరున్న మన ప్రొఫైల్లో ఇండియా ఇండియాగానే ఉంటుంది, దేశం మార్చుకోనక్కర్లేదు.

మా లీగ్‌లో పది జట్లు, తొమ్మిది రౌండ్లు, ఎనిమిది బోర్డులు, అంటే జట్టుకి ఎనిమిది మంది. శరదృతువులో మొదలై వసంతం దాకా, మధ్యమధ్య ఆదివారాల్లో జరుగుతుంది. సీజన్‌కి ముందే ఆటగాళ్ల జాబితా వరసక్రమంలో పంపాలి. ఆ క్రమం తర్వాత మారదు. అవతలి బలమైన ఆటగాడికి మనలో బలహీనుణ్ణి బలిచ్చి కింద పాయింట్లు లాగుదామంటే కుదరదన్నమాట. ఎవరైనా రాలేకపోతే కిందివాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, చివర్లో రెండో జట్టు నుంచి ఒకర్ని తెచ్చుకుంటారు.

రంగుల లెక్క కూడా ముందే ఖాయం. బేసి బోర్డుల మీద అతిథి జట్టుకి తెల్లపావులు. నాది ఆరో బోర్డు కనక సొంతూళ్లో తెలుపు, బయటికెళ్తే నలుపు. వారమంతా నల్లపావులతో ఏం ఆడాలో చూసుకుని, శనివారం రాత్రి ఎవరికో జ్వరమని మెసేజ్ వస్తే ఐదో బోర్డుకి జరిగి తెల్లపావులతో కూర్చోవాలి. ఇందుకే రెండు రంగులకీ తయారుగా ఉండటం అలవాటు చేసుకున్నాను. ఈ ఒక్క అలవాటుతోనే నా ఆట చాలా బాగుపడింది.

సొంతూళ్లో మ్యాచ్ అంటే పెళ్లివారి విడిదిలా ఉంటుంది. పొద్దున్నే వెళ్లి బల్లలు వేసి, గడియారాలు సరిచూసి, స్కోరు షీట్లు, పెన్నులు పెట్టాలి. ఒకరు కాఫీ, ఇంకొకరు ఇంట్లో చేసిన కేకు. తీసుకున్నవాళ్లు డబ్బాలో చిల్లర వేస్తారు. కెప్టెన్ లేచి స్వాగతం చెప్పి, ఏ బోర్డు మీద ఎవరో చదువుతాడు. ఫోన్లు ఆఫ్ చేయాలి. తర్వాత ఇక మాటల్లేవు. 40 ఎత్తులకి 90 నిమిషాలు, ఆపైన 30 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది డ్రా వ్యవహారం. మ్యాచ్ గెలిస్తే రెండు పాయింట్లు, 4-4 అయితే ఒకటి. ఒక్కో బోర్డు మీద గెలుపుకి ఒకటి, డ్రాకి అర లెక్కన, మ్యాచ్ గెలవాలంటే నాలుగున్నర కావాలి. ఎదుటివాడు డ్రా ఇస్తానంటే పొజిషన్ ఒక్కటీ చూస్తే చాలదు, మిగతా బోర్డులన్నీ చూడాలి. కెప్టెన్‌ని అడగొచ్చు. ఆయన పొజిషన్ గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు, మ్యాచ్ పరిస్థితిని బట్టి తీసుకో, ఆడు అని మాత్రం చెప్పొచ్చు. నాకు కొంచెం మెరుగ్గా ఉన్న ఒక గేమ్‌లో "తీసుకో" అన్నాడు, తీసుకున్నాను. ఇండివిడ్యువల్ టోర్నమెంట్లో అయితే ఛస్తే తీసుకునేవాణ్ణి కాదు. ఆ అర పాయింటుతో జట్టు గెలిచింది.

చివరి రౌండు. కింది లీగ్‌కి పడిపోకుండా ఉండాలంటే గెలవాలి, మ్యాచేమో బయట. 4-3తో మేం ముందున్నాం, మిగిలింది నా గేమ్ ఒక్కటే. రూక్ ఎండ్‌గేమ్, అంటే రాజులు, రూక్‌లు, బంట్లు మాత్రమే మిగిలిన ముగింపు ఆట, నాకు ఒక బంటు తక్కువ. నా రాజు ఇ8 గడిలో, ఎదుటివాడి రాజు డి5లో, బంటు ఇ5లో. పాతకాలపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ చూపించిన పద్ధతే డ్రాకి దారి: రూక్‌ని ఆరో వరసలో నిలబెట్టి వాళ్ల రాజుని పైకి రానివ్వకూడదు. బంటు ఆరో వరసలోకి దిగాక వాళ్ల రాజుకి దాక్కునే చోటుండదు, అప్పుడు రూక్‌ని అట్టడుగుకి తీసుకెళ్లి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. చుట్టూ పదిహేను మంది నిలబడ్డారు. మా కెప్టెన్ మాత్రం దగ్గరికి రాలేక కిటికీ దగ్గరే ఉండిపోయాడు. ఎదుటాయన చాలాసేపు నా రూక్‌ని ఏ6 నుంచి కదిలించాలని చూశాడు. నేను కదల్లేదు. చివరికి బంటుని ఇ6కి తోశాడు. నేను రూక్‌ని ఏ1కి దించాను. కాసేపు చెక్‌లు నడిచాక ఆయనే డ్రాకి చెయ్యి చాపాడు.

ఇద్దరు కెప్టెన్లూ షీటు మీద సంతకాలు పెట్టారు. ఓడినా వాళ్లే కాఫీ పోసిచ్చి, అదే బోర్డు మీద ఆ ఎండ్‌గేమ్‌ని నాతో మొదట్నుంచీ చూశారు. ఇలాంటి ఆదివారాలు మన జిల్లాల్లో కూడా ఉండాలని గట్టిగా అనిపించింది. ఇంత మంది పిల్లలు ఆడే మన దగ్గర, పెద్దలూ పిల్లలూ ఒకే జట్టులో కూర్చునే ఊరి లీగ్‌కి ఆటగాళ్ల కొరత ఉండదు. మా జట్టులో నాలుగో బోర్డు మీద స్కూలు అమ్మాయి, ఏడో బోర్డు మీద రిటైరైన టీచరు.

జర్మనీ వస్తున్నవాళ్లు వేసవిలోనే దగ్గరి క్లబ్బుకి వెళ్లండి. జాబితాలు పంపేది అప్పుడే. ఆ గడువు దాటాక వస్తే పేరు ఎక్కడం కష్టమవుతుంది. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. "రెమీ" అంటే డ్రా. మొదటి నెల దాంతో నెట్టుకురావచ్చు.