భుజం మీద బొడిపె అలాగే ఉంది, చెయ్యి మాత్రం బాగైంది

బైక్ మీంచో సైకిల్ మీంచో పడుతున్నప్పుడు చెయ్యి ఆనించుకునే వ్యవధి కూడా లేక భుజం కొస నేరుగా నేలకి కొట్టుకుంటే, ఎక్కువగా దెబ్బతినేది కాలర్ బోన్ బయటి చివర ఉండే కీలు. డాక్టర్లు ఏసీ జాయింట్ అంటారు. నాకు ఎడమ భుజానికి అయింది ఇదే. అయ్యాక తెలిసినవాళ్ళంతా "భుజం జారిందటగా, లాగి ఎక్కించేశారా?" అని అడగడం మొదలుపెట్టారు. ఎక్కించలేదు, ఎక్కించరు కూడా, అది వేరే దెబ్బ అని ప్రతివాళ్ళకీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడే ఎక్స్‌రే కవరు చేతిలో పెట్టుకుని టెన్షన్ పడుతూ వెతుకుతున్నవాళ్ళకి పనికొస్తుందని కూడా.

భుజం దగ్గర జరిగే దెబ్బలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ వేటికవే వేరు. చేతి ఎముక పైనున్న గుండ్రటి తల గుంటలోంచి బయటికొచ్చేస్తే అది అసలు భుజం కీలు జారడం. దాన్ని మత్తిచ్చో, నొప్పి తగ్గించే మందిచ్చో, పద్ధతి ప్రకారం లోపలికి పంపిస్తారు. కాలర్ బోన్ మధ్యలో విరిగితే అది ఫ్రాక్చర్, ఎముక అతుక్కోవాలి. మన దెబ్బలో చాలాసార్లు ఎముక విరగదు, చేతి తల గుంటలోనే ఉంటుంది. కాలర్ బోన్‌ని భుజానికి కట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోతాయి లేదా తెగిపోతాయి. అందుకే లాగితేనో నొక్కితేనో సరిపోయే పని కాదు, పైకి లేచిన కాలర్ బోన్ కొస నొక్కినప్పుడు కిందికి దిగుతుంది, వదలగానే మళ్ళీ లేస్తుంది, హార్మోనియం మెట్టు నొక్కి వదిలినట్టు. డాక్టర్ వేలితో అలా నొక్కి చూస్తాడు కూడా. మనం ఇంట్లో అద్దం ముందు నిలబడి పదే పదే నొక్కుకోనక్కర్లేదు (అందరూ నొక్కుకుంటారు, నాకు తెలుసు).

ఈ కీలు పని ఏంటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చెయ్యికీ మొండేనికీ మధ్య ఎముకల దారి అంటూ ఉన్నది కాలర్ బోన్ ఒక్కటే. వీపు వైపున్న రెక్క ఎముక పక్కటెముకలకి ఎక్కడా కీలుతో అతుక్కుని ఉండదు, కండరాల మీద తేలుతూ ఉంటుంది. ఆ రెక్క ఎముక పైనుంచి ముందుకి వచ్చి భుజం కొసన ఆగుతుంది, అక్కడే కాలర్ బోన్ దాన్ని కలుస్తుంది. ఈ రెంటినీ పట్టి ఉంచడానికి రెండు రకాల లిగమెంట్లున్నాయి. కీలు చుట్టూ ఉన్నవి ముఖ్యంగా ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపుతాయి. రెండో రకం కొంచెం లోపలగా, రెక్క ఎముకకి ముందు వైపు పొడుచుకొచ్చిన కోరకాయిడ్ అనే కొమ్ము నుంచి పైనున్న కాలర్ బోన్ దాకా ఉంటాయి, ఇవి గట్టివి, చేతి బరువంతా వీటికే వేలాడుతోందనుకోవచ్చు. ఇవి తెగితే బరువు ఆపేది లేక భుజం కిందికి దిగుతుంది. కాలర్ బోన్ ఉన్నచోటే, మహా అయితే మెడ కండరం లాగినందుకు కొద్దిగా పైకి, ఉండిపోతుంది. చూసేవాళ్ళకి మాత్రం ఎముక పైకి తన్నుకొచ్చినట్టు కనిపిస్తుంది. నాకు ఈ విషయం తెలిశాక బొడిపె మీద కోపం చాలావరకు పోయింది, ధ్యాసంతా కిందికి దిగిన భుజం మీదికి మళ్ళింది, ఎందుకంటే వ్యాయామంతో మనం బాగుచేసుకోగలిగింది దాన్నే.

రిపోర్టులో టైప్ అని ఒక అంకె ఉంటుంది. 1984లో రాక్‌వుడ్ అనే ఆర్థోపెడిక్ సర్జన్ చేసిన ఆరు రకాల విభజన అది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఒకటో టైప్ అంటే కీలు చుట్టూ బెణుకు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, ముట్టుకుంటే మాత్రం ప్రాణం పోతుంది. రెండోదాంట్లో కీలు చుట్టూ ఉన్నవి తెగుతాయి, కొమ్ము నుంచి వచ్చే గట్టి లిగమెంట్లు సాగుతాయి గానీ పట్టు వదలవు. మూడోదాంట్లో రెండూ తెగుతాయి. మామూలుగా కొమ్ముకీ కాలర్ బోన్‌కీ మధ్య ఖాళీ 11 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది, మూడో టైప్‌లో అది రెండో భుజంతో పోలిస్తే దాదాపు రెట్టింపు దాకా పెరగొచ్చు. అంతకన్నా ఎక్కువైతే అయిదు. నాలుగో టైప్‌లో ఎముక పైకి కాకుండా వెనక్కి పోయి మెడ కండరంలోకి గుచ్చుకుంటుంది. ఆరోది, కాలర్ బోన్ కొమ్ము కిందికి వెళ్ళిపోవడం, చాలా అరుదు, పెద్ద ప్రమాదాల్లో తప్ప వినం.

నాలుగో టైప్ గురించి ఒక మాట. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో అది పెద్దగా తేడా కనపడకుండా తప్పించుకోగలదు, ఎముక వెనక్కి జరిగింది కాబట్టి. చంక వైపు నుంచి తీసే ఎక్స్‌రే కావాలి. నొప్పి ఎక్కువగా ఉండి, ఫిల్మ్ మాత్రం బాగానే ఉందంటున్నారంటే ఆ వ్యూ తీశారా అని అడగడంలో తప్పు లేదు. అలాగే రెండు భుజాలూ కలిపి తీస్తేనే పోల్చి చూడ్డం కుదురుతుంది, అదీ నిలబెట్టి, చెయ్యి స్లింగ్‌లోంచి (మెడకి తగిలించి చెయ్యిని మోసే పట్టీ) తీసి వేలాడదీసి. పడుకోబెట్టి తీస్తే భుజం బరువు కిందికి లాగదు, ఉన్న తేడా తక్కువగా కనిపిస్తుంది. చేతులకి బరువులు కట్టి తీయడం ఒకప్పుడు ఉండేది. నొప్పి తప్ప దానివల్ల పెద్దగా ఒరిగేది లేదని ఇప్పుడు చాలామంది మానేశారు.

ఇదంతా బయటి కొస సంగతి. కాలర్ బోన్ లోపలి కొస, గొంతు కింద ఛాతీ ఎముకని కలిసే చోట కూడా కీలు తప్పొచ్చు, ఇది తక్కువ. ముందుకి జరిగితే అక్కడ ఒక గడ్డలా కనిపిస్తుంది, చాలావరకు భయం లేదు. వెనక్కి జరిగితే మాత్రం దాని వెనకే శ్వాసనాళం, అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా, మింగలేకపోతున్నా, గొంతు మారినా, చెయ్యి వాచినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. దీనికి సీటీ స్కాన్ చేస్తారు, మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియదు. ఇంకోటి, కాలర్ బోన్ లోపలి కొసలో ఎదుగుదల పొర ఇరవై అయిదేళ్ళు దగ్గరపడేదాకా పూర్తిగా మూసుకోదు. అందుకని కుర్రవాళ్ళలో కీలు తప్పిందనుకున్నది ఒక్కోసారి ఆ పొర దగ్గర విరగడం అవుతుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఆపరేషన్ కావాలా వద్దా. ఒకటీ రెండూ అయితే అక్కర్లేదు, ఇందులో వాదన లేదు. నాలుగు, అయిదు, ఆరు అయితే సాధారణంగా చేయించుకోమంటారు. మూడో టైప్ దగ్గరే డాక్టర్లు కూడా రెండు వర్గాలు. నాది మూడే. ముందు ఆపరేషన్ లేకుండా చూద్దాం అన్నదే నేను ఒప్పుకున్నాను, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైందే అనుకుంటున్నాను. కెనడాలో మూడు నుంచి అయిదో టైప్ దాకా ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ప్లేట్ వేసి, ఇంకో గుంపుకి స్లింగూ ఫిజియోతో సరిపెట్టి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి నెలల్లో ఆపరేషన్ లేనివాళ్ళ చెయ్యే బాగా పనిచేసింది, రెండేళ్ళకి చూస్తే పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్స్‌రే మాత్రం ప్లేట్ వేసినవాళ్ళదే అందంగా ఉంది. నాకు కావాల్సింది పనిచేసే చెయ్యి గానీ అందమైన ఎక్స్‌రే కాదు కదా. అయితే చేతులు పైకెత్తి బరువు పని చేసేవాళ్ళు, బంతి గట్టిగా విసిరే ఆటగాళ్ళు వేరేగా ఆలోచించుకుంటారు, అది వాళ్ళ బతుకుతెరువు. నా లెక్క వాళ్ళకి పనికిరాదు.

ఆపరేషన్ అంటే కూడా ఒక్కటే కాదు. హుక్ ప్లేట్ అని కొక్కెం ఉన్న ప్లేట్ వేస్తే, దాని కొస భుజం ఎముక కింద రాసుకుంటూ ఉంటుంది కాబట్టి కొన్ని నెలల తర్వాత దాన్ని తీయడానికి మళ్ళీ ఆపరేషన్ చేస్తారు, ఇది ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకో పద్ధతిలో ఎముకకి సన్నటి రంధ్రాలు చేసి బలమైన దారాలతో, లోహపు బొత్తాలతో కాలర్ బోన్‌ని కొమ్ముకి బిగిస్తారు, మామూలుగా వాటిని తీయనక్కర్లేదు. దెబ్బ తగిలిన మొదటి మూడు వారాల్లోపు అయితే తెగిన లిగమెంట్లు తమంతట తాము మానే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే వేరేచోటి నుంచి స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తీసి కొత్తగా కట్టాల్సి వస్తుంది. అంటే పని కొంచెం పెద్దదవుతుంది గానీ తలుపు మూసుకుపోదు, మూడు నెలలు ఫిజియో గట్టిగా చేసి చూసి, కుదరకపోతే అప్పుడైనా చేయించుకోవచ్చు. ఈ మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి, మొదటి వారాల్లో నిజంగా ఏడిపించేది అదే. వెల్లకిలా పూర్తిగా పడుకుంటే భుజం వెనక్కి జారి లాగుతుంది. వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టు పడుకుని, మోచేతి కింద ఇంకో దిండు పెట్టుకుంటే కాస్త తెరిపి. స్లింగ్ ఎందుకంటే చేతి బరువు ఆ కీలు మీద పడకుండా, కాబట్టి మోచెయ్యి బాగా ఆనేలా ఉండాలి, ఊరికే మణికట్టు దగ్గర వేలాడే స్లింగ్ దండగ. ఒకటో టైప్‌కి కొన్ని రోజులు, రెండూ మూడూ అయితే రెండు మూడు వారాలు, నొప్పి తగ్గేకొద్దీ తీసేయాలి. కాలర్ బోన్‌ని బెల్టుతో కిందికి నొక్కి ఉంచే కట్లు పాతకాలంలో వాడేవారు, చర్మం పుండైపోయేది, ఎముక మళ్ళీ లేచేది. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. గుండీల చొక్కాలు తప్ప వేరేవి మర్చిపోండి. చంక రోజూ కడిగి ఆరబెట్టుకోవాలి, దానికోసం ముందుకి వంగి చెయ్యిని కిందికి వేలాడదీస్తే చాలు, ఎత్తనక్కర్లేదు.

వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదపాలి, లేకపోతే మోచెయ్యి బిగుసుకుపోయి ఇంకో గొడవ. తర్వాత అదే వంగిన భంగిమలో చెయ్యి మెల్లగా ఊపడం. అక్కడినుంచి ఫిజియో నాతో ఎక్కువగా చేయించింది చేతికి కాదు, వీపుకి. రెక్క ఎముకల్ని వెనక్కీ కిందికీ దగ్గరగా తెచ్చి కాసేపు పట్టి ఉంచడం, గోడకి అరచేతులానించి రొమ్ము ముందుకీ వెనక్కీ తోయడం, రబ్బరు బ్యాండుని మోచేతులు వెనక్కి వచ్చేలా లాగడం. చూస్తే ఏమీ లేనట్టుంటాయి, బోరు కొడతాయి, అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. లిగమెంట్ లేని లోటుని పూడ్చాల్సింది ఈ కండరాలే. రెక్క ఎముక ముందుకి వాలిపోయి ఉంటే చెయ్యి పైకెత్తినప్పుడల్లా భుజం లోపల ఒరుసుకుంటుంది, మెడ కండరం ఆ పని తన మీద వేసుకుని రాయిలా బిగుస్తుంది, చివరికి మెడ నొప్పికి మాత్రలు మింగుతూ కూర్చోవాలి.

చెయ్యి పూర్తిగా పైకి లేచి, నొప్పి లేకుండా, రెండో చేతికి దగ్గరగా బలం వచ్చేదాకా ఆటలకీ బరువులకీ పోకూడదు. ఒకటో టైప్‌కి రెండు వారాలు చాలొచ్చు, మూడో టైప్‌కి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, ఆపరేషన్ అయితే ఒకరినొకరు గుద్దుకునే ఆటలకి నాలుగు నుంచి ఆరు నెలలు. జిమ్‌లో చివరగా తిరిగి మొదలుపెట్టాల్సినవి బెంచ్ ప్రెస్సూ (వెల్లకిలా పడుకుని బార్‌ని రొమ్ము మీంచి పైకి తోయడం) డిప్సూ (రెండు కడ్డీల మధ్య చేతుల మీద ఒళ్ళు దించి లేపడం). ఈ కీలు మీద అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టేవి అవే. బార్ రొమ్ముకి ఆనేదాకా దించకుండా కాస్త పైనే ఆపి, చేతులు కొంచెం దగ్గరగా పట్టుకుని చేస్తే తేడా తెలుస్తుంది. నేను డిప్స్ పూర్తిగా వదిలేశాను, లోటేమీ అనిపించలేదు.

బొడిపె అలాగే ఉంది. తగ్గదు కూడా, తగ్గిస్తామని నూనె రుద్దేవాళ్ళకీ లాగి సరిచేస్తామనేవాళ్ళకీ డబ్బులు దండగ. బ్యాగ్ పట్టీ సరిగ్గా దాని మీదే పడుతుంది కాబట్టి బ్యాగ్ కుడి భుజానికి మారింది, అంతే. కొందరికి ఏళ్ళ తర్వాత ఆ కీలులో అరుగుదల వస్తుంది, ఎక్కువగా ఒకటీ రెండూ టైపుల్లో, ఎందుకంటే వాటిలో దెబ్బతిన్న కీలులోని ఎముకలు ఇంకా ఒకదానికొకటి తగులుతూ రాసుకుంటూనే ఉంటాయి. చెయ్యి ఛాతీ మీదుగా అవతలి భుజం వైపుకి తెచ్చినప్పుడు సరిగ్గా కీలు మీదే నొప్పి వస్తే దాన్ని అనుమానించాలి. ముందు మందులు, ఆ కీలులోకి ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతే కాలర్ బోన్ చివర కొద్ది మిల్లీమీటర్లు చెక్కేస్తారు. నాకైతే ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.