అగ్గిపెట్టెల ఊరిలో ఒక పూట

అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉన్న నెలన్నరలో బార్ట్ రైలు కోసం నిలబడినప్పుడల్లా బోర్డు మీద ఒకటే పేరు: డేలీ సిటీ. ఆ లైనుకి అదే ఆఖరి స్టేషన్. లింగంపల్లిలో ఫలక్‌నుమా లోకల్ ఎక్కేవాళ్లంతా ఫలక్‌నుమా చూడరు కదా, నేనూ అంతే. బోర్డు చదవడం, మధ్యలో దిగిపోవడం.

ఆ ఊరు చూడాలనిపించింది మా మేనకోడలి వల్ల. ఒకరోజు కారులో ఏదో పాట పెట్టింది. చిన్నపిల్లల్ని ఆడించే పాటలా ఉంది. బాగుందే అన్నాను. "ఇది తిట్టు పాట అత్తా, మన పక్కనున్న ఊరినే తిట్టారు" అంది.

పాట పేరు 'లిటిల్ బాక్సెస్'. గుట్ట మీద అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు, రంగులు వేరు, అచ్చు ఒకటే. లోపలి మనుషులూ అంతే. యూనివర్సిటీలకు వెళ్లొచ్చి డాక్టర్లూ లాయర్లూ అయి ఒకే మూసలో పోసినట్టు తయారవుతారని వెక్కిరింత. డాక్టర్లూ లాయర్లూ అన్నచోట సాఫ్ట్‌వేర్ అని పెట్టుకుంటే అచ్చంగా మా వంశవృక్షమే!

రాసినావిడ మాల్వినా రెనాల్డ్స్. 1900లో శాన్ ఫ్రాన్సిస్కోలో సోషలిస్టు భావాలున్న యూదు కుటుంబంలో పుట్టింది. బర్కిలీలో పీహెచ్‌డీ చేసినా కాలేజీలో ఉద్యోగం దొరకలేదు. పాటల్లోకి దిగిందే నడివయసులో. 1962లో ఒకరోజు భర్తతో కలిసి లా హోండా అనే చోట పాడటానికి వెళ్తోంది. కారు ఆవిడే నడుపుతోంది. డేలీ సిటీ గుట్టల మీద ఆ ఇళ్లు కనపడగానే, స్టీరింగ్ నువ్వు తీసుకో అని భర్తకిచ్చి, పక్క సీట్లో కూర్చుని పాట రాసేసింది. వాళ్ల అమ్మాయి చెప్పిన సంగతి ఇది. మరుసటి ఏడాది జానపద గాయకుడు పీట్ సీగర్ పాడి రికార్డు చేస్తే, 1964లో అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 70వ స్థానం దాకా వెళ్లింది. నాసిరకం సరుకుకి ఆవిడ పాటలో వాడిన 'టికీ టాకీ' అన్న మాట డిక్షనరీల్లోకీ ఎక్కింది.

శనివారం బయల్దేరాం. శాన్ మాటియో వంతెన మీద ఎండ చురుక్కుమంటోంది. అరగంట తిరక్కుండానే డేలీ సిటీలో పొగమంచు! జులై నెల కదా అని నేత చీర కట్టుకుని స్వెటర్ లేకుండా వెళ్లాను. తమ్ముడు తన జాకెట్ విప్పి ఇచ్చాడు. చీర మీద మగవాళ్ల జాకెట్, కింద స్పోర్ట్స్ షూస్. ఆ వేషంతోనే, పాటలోని ఇళ్లున్న వెస్ట్‌లేక్ కాలనీ వీధుల్లో నడిచాను.

నిజమే, వరసగా అవే ఇళ్లు. కింద కారు షెడ్డు, పక్కన మెట్లు, పైన ఒక పెద్ద కిటికీ. ఇంటికీ ఇంటికీ మధ్య సందే లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక హెన్రీ డోల్గర్ అనే బిల్డర్ ఇక్కడి ఇసుక దిబ్బల్ని చదును చేసి కట్టిన కాలనీ ఇది. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకి ప్రభుత్వం పూచీ మీద లోన్లు దొరుకుతున్న కాలం. ఒక ఇంటికి పచ్చరంగు, పక్కదానికి లేత గులాబీ. దగ్గరికెళ్లి చూస్తే మాత్రం ఒకరి కిటికీలో మేరీమాత బొమ్మ, ఇంకొకరి మెట్ల మీద పాత రబ్బరు చెప్పుల్లో నాటిన కాక్టస్ మొక్కలు.

గులాబీలు కత్తిరిస్తున్న ఒక ఫిలిప్పీన్స్ పెద్దాయన నా జాకెట్ చూసి నవ్వి పలకరించాడు. ముగ్గురు పిల్లల్ని ఈ ఇంట్లోనే పెంచాడట. పాట విన్నారా అని అడిగాను. విన్నానన్నట్టు తలూపి, వేళ్ల కణుపులతో గోడ మీద టక్ టక్ అని కొట్టి, అరవై ఏళ్లు దాటాయి, ఇంకా పడలేదు అన్నాడు. ఇప్పుడు ఈ అగ్గిపెట్టె పది లక్షల డాలర్లకి పైమాటే.

ఊళ్లో దాదాపు మూడో వంతు ఫిలిప్పీన్స్ మూలాలున్నవాళ్లే. వెస్ట్‌లేక్ కట్టిన కొత్తల్లో అయితే ఆయనకీ అమ్మేవారు కాదు, మాకూ అమ్మేవారు కాదు. అప్పట్లో అవి తెల్లవాళ్లకే. నాకైతే తిట్టాల్సింది ఆ సంగతిని అనిపించింది. పాటలో ఆ ముక్క లేదు.

అసలు నవ్వుకుందామనే వెళ్లాను, నవ్వు రాలేదు. నేను పెరిగింది హౌసింగ్ బోర్డు కాలనీ ఎల్ఐజీ ఇంట్లో. మా లైన్లో ఇరవై ఇళ్లూ ఒకటే. ఊరి నుంచి వచ్చిన మా పెద్దనాన్న పక్కింట్లోకి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగి, కాళ్లు కడుక్కుని మంచం మీద వాలాక గానీ తెలియలేదు. ఆ సాయంత్రమే నాన్న గేటుకి నీలం రంగు వేశారు. ఆ ఇంటి వాయిదాలు కట్టడానికి ఆయన ఎన్నేళ్లు ట్యూషన్లు చెప్పారో నాకు తెలుసు. మాల్వినా మంచి మనిషే, గొప్ప చురుకు. కానీ ఆ రోజు ఆవిడ కారు దిగలేదు.

ఇంకో ముచ్చట. పాట పేరు మోగాక ఒక పత్రికవాళ్లు, ఆ ఇళ్లవైపు వేలు చూపిస్తూ ఫోటో దిగమని ఆవిడని అడిగారట. ఎంత వెతికినా ఆవిడకి ఆ ఇళ్లు దొరకలేదు. ఈలోగా గుట్టంతా ఇంకా కొత్త ఇళ్లు లేచాయి.

నాలుగయ్యేసరికి మంచు ఇంకా దట్టమైంది. వెనక్కి వచ్చి చూస్తే కారు లేదు. "పచ్చ ఇంటి ముందు పెట్టానక్కా" అంటాడు తమ్ముడు. ఆ వీధిలోనే నాలుగు పచ్చ ఇళ్లున్నాయి. ఇది ఆ వీధేనా అన్నది ఇంకో అనుమానం. మేనకోడలు రిమోట్ నొక్కుకుంటూ ముందు నడుస్తోంది, జాకెట్ బిగించుకుని నేను వెనకాల. మూడో మలుపులో, మంచులో ఎక్కడో కుయ్ మంది.