525 రెట్లు అని రాసి ఉన్న టెలిస్కోపు డబ్బా కొనకండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు విరిగిపోయాయి, రోజుల తరబడి ఊళ్లో దీపం లేదు. అంతకు రెండు రోజుల ముందే అమావాస్య వెళ్లింది కాబట్టి మబ్బు విడిచాక వెన్నెల కూడా పెద్దగా లేదు. పెరట్లో పడిపోయిన కొబ్బరి మొద్దు మీద కూర్చుని తలెత్తితే నెత్తిన పాలపుంత, దక్షిణాన ఎర్రగా కుజుడు. నష్టం లెక్కలతో ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టని రోజులవి, అయినా మా మామ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తూర్పున పిల్లలకోడి చుక్కలు, అదే కృత్తికలు, చూపించింది. టెలిస్కోపు కొనాలన్న కోరిక నాకు ఆ వారంలోనే పుట్టింది.

కొన్న మొదటిది మాత్రం దండగైపోయింది. 60 మిల్లీమీటర్ల లెన్సు, డబ్బా మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని, అంటే అన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. ఆ అంకె ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. గొట్టం ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700 మిల్లీమీటర్లు, దాన్ని 4 మిల్లీమీటర్ల ఐపీసుతో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు) భాగిస్తే 175, దానికి బొమ్మను ఇంకా మూడు రెట్లు పెంచే బార్లో లెన్సు తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, కానీ అంత వెలుగు ఆ చిన్న లెన్సులోకి రాదు. లెన్సు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పనికొస్తుందని గుర్తుపెట్టుకోండి, అంటే 60కి 120 రెట్లు, ఆపైన అంతా మసకే. దానికి తోడు స్టాండు కాళ్లు పుల్లల్లా ఉండేవి. ఫోకస్ తిప్పడానికి వేలు పెడితే చాలు చంద్రుడు అటూ ఇటూ ఊగిపోయేవాడు, సముద్రం గాలి తగిలిందంటే ఇక ఆ రాత్రికి అంతే. చాలామంది ఇక్కడే విసిగిపోయి టెలిస్కోపుని అటక మీద పడేస్తారు, నాకు బాధంతా అదే.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, ఎన్ని రెట్లు అని అడగకండి, లెన్సు గానీ అద్దం గానీ వెడల్పెంత, టెలిస్కోపు దేని మీద నిలబడుతుంది అని అడగండి. రెండోసారి నేను లెన్సుకి బదులు 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న చిన్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు కొన్నాను. 60 లెన్సుతో పోలిస్తే నాలుగున్నర రెట్లకు పైగా వెలుగు పడుతుంది. దీనికి ట్రైపాడ్ ఉండదు, చెక్క పీట మీద అటూ ఇటూ, పైకీ కిందికీ తిరుగుతుంది, అంతే. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ అమెరికాలో రామకృష్ణ మఠం సంప్రదాయపు సన్యాసిగా ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు, పాత సామాన్లతో టెలిస్కోపులు చేసి దారిన పోయేవాళ్లకు ఆకాశం చూపించాడు. నాది పెరట్లో బట్టలుతికే సిమెంటు దిమ్మ మీద పెడతాను, కదలమన్నా కదలదు. ప్లాస్టిక్ స్టూలు మీద మాత్రం పెట్టకండి.

డాబా మీద పెడదామనుకుంటారు, వద్దు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి వేడి వదులుతుంటే గ్రహం నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. మట్టి నేల, గడ్డి నేల మేలు. బయటపెట్టాక ఓ అరగంట ఆగి చూడండి, అద్దం చల్లబడాలి. మన తీరంలో తేమ ఎక్కువ, మూతలు పెట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యకపోతే ఫంగస్ పడుతుంది. సూర్యుణ్ణి చూడమని ఐపీసుకి బిగించే నల్ల ఫిల్టరు ఏదైనా డబ్బాలో వస్తే వెంటనే పారేయండి, వేడికి అది పగిలిందంటే కన్ను పోతుంది.

డబ్బు తక్కువుంటే 10×50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల లెన్సు) బైనాక్యులర్ తీసుకోండి, పిల్లలకోడి అందులోనే బాగుంటుంది.

2022లో మామ్మకి శనిని చూపించాను. ఆవిడది మకర రాశి, శని అప్పుడు అక్కడే ఉన్నాడు, ఏల్నాటి శని అని ఆవిడకు ఒకటే టెన్షన్. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 29న్నర ఏళ్లు, అంటే రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర. ఆ లెక్క మాత్రం ఆవిడకు నాకంటే బాగా తెలుసు. 65 రెట్లలో చిన్న ఉంగరంలాంటి వలయం కనపడగానే చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఇతగాడికేనేట్రా మనం నూనె పోసేది, ఎంత ముచ్చటగా ఉన్నాడు" అంది. ఈమధ్య కొన్నవాళ్లు వలయం సన్నగా ఉందని టెలిస్కోపుని తిట్టుకోకండి, 2025 మార్చిలో అది మనకు అంచు వైపు తిరిగింది, ఏటేటా మళ్లీ విచ్చుకుంటుంది.

"మనకెందుకురా ఇవన్నీ" అనే పెద్దలకు నేను చెప్పేది విశాఖ సంగతి. 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూశారు.

పైగా మనకున్న దక్షిణాకాశం లండన్ వాళ్లకు లేదు. ఒమేగా సెంటారీ అనే పెద్ద నక్షత్రాల గుత్తి వాళ్లకు అసలు ఉదయించదు. మే నెల మధ్యలో రాత్రి పదింటికి మా వైపున్న బారువ తీరంలో నిలబడి దక్షిణం వైపు చెయ్యి చాచండి, దిగంతం నుంచి రెండు పిడికిళ్ల ఎత్తుకి కాస్త పైన మసక చుక్కలా ఉంటుంది. టెలిస్కోపు పెడితే ఆ మసకే ఇసుక చల్లినట్టు విడిపోతుంది. నేను అమావాస్య దగ్గర్లో బండి మీద వెనక కట్టుకుని వెళ్తాను, 130 అద్దమే కొనడానికి అదీ ఒక కారణం.