పరంజా కింద చీర ఉయ్యాల

మా పక్క స్థలంలో మేడ కడుతున్నారు. ఇసుక మోసే తల్లి పరంజా కర్రకు చీర ఉయ్యాల కట్టి, ఏడాది నిండని బిడ్డను అందులో పడుకోబెడుతుంది. ఎనిమిదేళ్ల పెద్దకూతురు ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చేత్తో బిడ్డ ముఖం మీద వాలే ఈగలను తోలుతూ ఉంటుంది. పాపను బడికి పంపరాదా అని అడిగితే ఆ తల్లి, "ఇది పోతే పిల్లగాణ్ణి ఎవరు చూస్తరు మేడం?" అన్నది.

వీధి చివర అంగన్‌వాడీ ఉందన్న ధైర్యంతో వెళ్లి, బిడ్డను పగలు అక్కడ ఉంచుకుంటారా అని టీచరును అడిగాను. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలై ఊరూరికీ చేరిన ఈ వ్యవస్థ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. బిడ్డ బరువు తూచి, ఎదుగుదల పట్టికలో చుక్క పెట్టి, ఆ చుక్క ఉండాల్సిన గీత కిందికి జారితే తల్లిని పిలిపించి మాట్లాడే చోటు పేదలకు మరొకటి లేదు. అయితే ఆటపాటల చదువు మూడు నుంచి ఆరేళ్ల వారికే. అంతకన్నా చిన్నవారికి బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు గాని, పగలంతా ఉంచుకుని చూసుకోరు. ప్లేస్కూళ్ల సంగతి చెప్పనక్కరలేదు: ఫీజు కట్టగలిగినా అవి సాధారణంగా ఒంటిపూటవే.

పసిబిడ్డను పగలంతా చూసుకునేది క్రెష్ ఒక్కటే. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లనివ్వాలనీ 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కూడా, 50 మందికి మించి మహిళలు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలన్నది. మా పక్క మేడ దగ్గర పనిచేసే ఆడవాళ్లు నలుగురే. ఇలాంటి చిన్న పనిచోట్ల బిడ్డలకే నీడ ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అక్కడ పెద్దపిల్ల చదువు కూడా ఆ ఉయ్యాలకే ముడిపడి ఉంటుంది.

దారి లేకపోలేదు. ఢిల్లీలో 1969లోనే మీరా మహాదేవన్ నిర్మాణ కూలీల పిల్లల కోసం పనిచోటనే మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే ఏర్పాటు ఉంది. మా వీధి కేంద్రానికి అది కావాలని అర్జీ రాస్తున్నాను. తల్లులు పని దిగేది సాయంత్రం ఆరింటికి గనుక అప్పటిదాకా తెరిచి ఉంచాలని మొదటి వాక్యంలోనే రాశాను.